పిట్ట కొలతల కాగితం

మైకుగాడు నాకు చేసింది చచ్చేదాకా మరిచిపోను. ఇంట్లో పెట్టిన పేరు వాడికి వేరే ఉంది, దాన్ని వాడి పెళ్ళాం కూడా మరిచిపోయి ఉంటుంది. నా టైలరింగ్ దుకాణానికి సరిగ్గా ఎదురుగా వాడి ఇస్త్రీ కొట్టు. చెవిలో గుసగుసలాడినా నాలుగిళ్ళ అవతలికి వినబడే గొంతు వాడిది, అందుకే మైకు. అలాంటివాడికి గొంతుతో పనిలేని మైకు ఒకటి దొరికింది. వాడి ఫోనులో వీధి గ్రూపు ఉంది, అందులో నాలుగు వందల మంది. ఎవరింట్లో పాలు విరిగినా వాడికి వార్తే, ఎవడు మెట్టు మీద జారినా వాడికి సినిమాయే. వాడు నా కొలతల పుస్తకంలోని ఒక కాగితం పక్కన మా అక్క కూతురు పిట్ట ఫోటో పెట్టి, ఈ భుజం నుంచి ఆ భుజానికి ఎర్ర గీత గీసి, "గోడకు పటం వంకరగా వేలాడుతోంది, ఎవరైనా వచ్చి సరిచేయండి" అని రాసి నాలుగు వందల మంది మీదికి వదిలాడు. ఆ నాలుగు వందల మంది ఇంకెందరి మీదికి వదిలారో ఎవడు లెక్కపెట్టాడు. పంతొమ్మిది రోజులైంది. ఆ రోజు నుంచి పిట్ట తన గది దాటి బయటికి రాలేదు. ఇప్పుడు నేను మా అక్క ఇంట్లో ముందుగదిలో, ఒక కాలు కురచైన కుర్చీలో, ఒళ్ళో కోటు పెట్టుకుని, ఆ గది తలుపు వంక చూస్తూ కూర్చున్నాను. గోడ గడియారంలో మూడు దాటి ఐదు నిమిషాలు. నాలుగింటికల్లా పిట్ట ఆ తలుపు తీసుకుని రావాలి, ఈ కోటు తొడుక్కోవాలి, వీధి చివర బస్సెక్కాలి. ఐదింటికి పెద్ద హోటల్లో రిసెప్షన్ బల్ల దగ్గర నిలబడే ఉద్యోగానికి ఆఖరి ఇంటర్వ్యూ. రెండుసార్లు వడపోసి ముగ్గురిని మిగిల్చారట, ఆ ముగ్గురిలో మా పిల్ల ఒకతి. ఈ రోజు పోతే ఆ ఉద్యోగం పోయినట్టే. ఉద్యోగం ఒక్కటేనా, ఇవాళ దాటలేని గడపను ఇంకెప్పుడు దాటుతుంది అన్నదే అక్క భయం, నా భయం కూడా.

అక్క నాతో మాట్లాడటం లేదు. కింద చాప పరుచుకుని బేకరీకి అట్టపెట్టెలు మడుస్తోంది. అది ఆవిడ పని, వందకింతని. చదునుగా వచ్చిన అట్ట ఆవిడ చేతుల్లో మూడు మడతలు పడి, చెవులు లోపలికి దూర్చుకుని పెట్టె అవుతుంది. చప్, చప్, చప్, టక్. మూడు మడతలూ ఒక నొక్కూ. ఆ చప్పుడుకి ఒక నడక ఉంది, నా మిషను నడకలాంటిదే, వింటూ కూర్చుంటే మనసు దాని వెంట మెల్లగా జారిపోతుంది. మడిచిన పెట్టెలు గోడవార ఒకదాని మీద ఒకటి పేరుకుంటున్నాయి. కిటికీ పరదా సన్నని తెల్లబట్ట, దాని లోంచి ఎండ వడకట్టుకుని వచ్చి పెట్టెల మీద పడితే అవన్నీ చిన్న చిన్న తెల్లని ఇళ్ళలా ఉన్నాయి. తలుపులు లేని ఊరు. ఆ ఇళ్ళలో ఎవరుంటారో, వాళ్ళకు ఫోన్లుంటాయో ఉండవో. అద్దాలు నుదుటి మీదికి తోసుకుని కళ్ళు సగం మూస్తే ఊరంతా పొగమంచులో తేలుతుంది. ఒళ్ళో కోటు వెచ్చగా, నిద్రపోతున్న పసిబిడ్డ బరువుతో ఉంది. ముదురు నీలం ఉన్ని, లోపల బూడిదరంగు పట్టులాంటి లైనింగు, ఎడమ భుజం కింద దూది రెండు పొరలు. బయటి నుంచి చూసినవాడు వెయ్యేళ్ళు చూసినా కనిపెట్టలేడు. వేలితో తడిమితే మాత్రం నాకు తెలుస్తుంది, ఆ దూది ఎక్కడ మొదలై ఎక్కడ సన్నగిల్లి గుడ్డలో కలిసిపోతుందో.

పిట్టకు ఏడేళ్ళప్పుడు డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును కిటికీకి ఆనించి చూపించాడు. నల్లటి ఆకాశంలో తెల్లటి వాగు. తిన్నగా దిగాల్సిన వాగు నడుమ ఒక పక్కకు తిరిగి, ఏదో గుర్తొచ్చినట్టు మళ్ళీ వెనక్కి వచ్చింది. ప్రాణానికి ఏం భయం లేదు, వెన్ను కాస్త వంపు తిరిగింది, ఎడమ భుజం కొంచెం దిగి ఉంటుంది, వీపు కుడివైపు కొంచెం ఉబ్బుతుంది, అంతే అన్నాడు. అంతే అన్న మాట డాక్టర్లకు ఎంత తేలికో. అక్క వరండాలో గోడకు తల ఆనించి ఏడిచింది. నేను ఏడవలేదు, పిల్ల వెనక నిలబడి భుజాల వంక చూశాను, నా మెడలో టేపు ఉంది, చూపుతోనే కొలిచాను. అర ఇంచీ. డాక్టరు మందు లేదన్న చోట నా దగ్గర మందుందని ఆ క్షణంలో నాకు అనిపించిన గర్వం ఇప్పటికీ గుర్తుంది. ఆ సాయంత్రమే పిల్లను కత్తిరింపు బల్ల మీద నిలబెట్టి కొలతలు తీశాను. పసుపు గౌను. అద్దం ముందు అటూ ఇటూ తిరిగి, "మామయ్యా, ఇప్పుడు నేను తిన్నగా ఉన్నానా?" అని అడిగింది. "సూదిలా ఉన్నావు" అన్నాను. "సూదికి కన్నం ఉంటుంది కదా, నాకెక్కడ?" అంది. బల్ల మీద నుంచి దూకితే గౌను గాలికి గొడుగులా విచ్చుకుంది. ఆ తర్వాత పదిహేనేళ్ళు ఆ పిల్ల ఒంటి మీదికి ఇంకొకరు కుట్టిన బట్ట ఎక్కలేదు. బడి బట్టలు, చలికోట్లు, కాలేజీలో నాటకానికి రాణి వేషం, అన్నీ నావే. ఏటా భుజం కొంచెం మారేది, దూది కొంచెం మారేది, లోకానికి మాత్రం పిట్ట తిన్నగానే ఉండేది. ఆ సంగతి అక్కకు, బావకు, నాకు, పిల్లకు, పుస్తకానికి తెలుసు. వీధిలో ఇంకెవరికీ తెలియదు.

పుస్తకం సంగతి పెద్ద మాస్టారు చెప్పాడు. నేను ఏడో తరగతిలో బడి మానేసి ఆయన దగ్గర కాజాలు కుట్టడానికి చేరాను. ఎందుకు మానేశానంటే లెక్కలు రాక కాదు, లాగు వెనక మాసిక వల్ల. నల్లబల్ల దగ్గరికి పిలిచినప్పుడల్లా వెనక బెంచీల నుంచి "కిటికీ, కిటికీ" అనేవాళ్ళు. నా మాసిక చదరంగా ఉండేది, అందుకని. లెక్క చేతిలో ఉండగానే సుద్దముక్క చెమటకు మెత్తబడిపోయేది. కానీ ఒకటి చెప్పాలి, బడి గంట కొట్టాక ఆ పేరు బడిలోనే ఉండిపోయేది. గేటు దాటి రెండు మలుపులు తిరిగితే నేను మళ్ళీ మా అమ్మ కొడుకుని. రాత్రి దిండు కిందికి ఎవడూ వచ్చి కిటికీ అనేవాడు కాదు. పిట్టకు ఆ మలుపు లేదు. తలుపు గడియ వేసుకున్నా, ముసుగు తన్ని పడుకున్నా, ఫోను చేతిలోనే ఉంటుంది, గర్రుమంటుంది, వెలుగుతుంది, ఊరూపేరూ లేనివాడు ఒకడు లోపలికొచ్చి ఒక పటం బొమ్మ పెట్టి పోతాడు. పెద్ద మాస్టారు ఏమనేవాడంటే, "ఒరే, మన దగ్గర మనిషి నిలబడి చేతులెత్తుతాడు. పోలీసుల ముందు ఎత్తినట్టు ఎత్తుతాడు. ఎందుకు ఎత్తుతాడు? నమ్మి ఎత్తుతాడు. వాడి పొట్ట, వాడి గూని, వాడి పొట్టి చెయ్యి టేపుకీ పుస్తకానికీ మధ్య ఉండాలి. నీ పెళ్ళానికి కూడా చదివి వినిపించకు" అనేవాడు. ఆయన పొట్టకు సున్నా చుట్టేవాడు, దిగిన భుజానికి కింద చూసే బాణం వేసేవాడు, పుస్తకం పోయి వీధిలో పడినా చదివినవాడికి అవి పిల్లల గీతల్లా ఉండేవి. నేనూ ఇరవై ఏళ్ళు బాణాలే వేశాను. తర్వాత నేను కత్తిరించినవి తన ఇంట్లో కుట్టిచ్చే బయటపని ఆయన దొరికాడు, కళ్ళు ఆనవు, గుర్తులు తికమకపడతాడు. ఒకసారి కుడి భుజానికి పెట్టాల్సిన దూది ఎడమకు పెట్టి పెళ్ళికొడుకును గాలివానలో స్తంభంలా నిలబెట్టాడు. అప్పటి నుంచి మాటల్లో రాయడం మొదలుపెట్టాను. ఫలానా భుజం, ఇంత దిగువ, ఇన్ని పొరలు. మాటల్లో రాసిన కాగితాన్ని ఫోటో తీసి ఫోనులో ఆయనకు పంపేవాణ్ణి. మాస్టారు బతికుంటే చెవి మెలిపెట్టి ఉండేవాడు.

చప్, చప్, చప్, టక్. "ఫ్యాన్ వేసుకో" అంది అక్క, తలెత్తకుండా. మాట్లాడిందన్న సంబరంలో లేచి మీట నొక్కాను. గాలికి గోడవార ఊళ్ళోంచి పై వరుస ఇళ్ళు నాలుగు దొర్లి పడ్డాయి. "ఆపు, ఆపు. నీ చెయ్యి పడితే చాలు, ఉన్నవీ కూలతాయి" అంది. ఆపాను. కుర్చీలో కూర్చుంటే కురచకాలు టక్కుమంది. మూడుంబావు.

దుకాణానికి ఫోనులో పేజీ పెట్టింది పిట్టే. "ఎన్నాళ్ళని గోడ మీద బోర్డు నమ్ముకుంటావు మామయ్యా, జనం ఇప్పుడు గోడలు చూడటం లేదు, ఫోన్లు చూస్తున్నారు" అంది. ఇద్దరం నడపడానికి తన ఫోనులో ఒక మీట, నా ఫోనులో ఒక మీట. బొమ్మగా కత్తెర పెట్టింది. ఫోటో ఎలా తీయాలో, బాణం ఎక్కడ నొక్కాలో, వరసగా వచ్చే గుండ్రటి ముఖాల్లో ఎవరిని తాకితే వాళ్ళకు ఎలా పోతుందో నా వేలు పట్టుకుని నేర్పింది, నేను దానికి సూదిలో దారం ఎక్కించడం నేర్పినట్టు. పదకొండు రోజులు కూర్చుని కుట్టిన ఒక కోటు ఫోటో పెట్టాను. తొమ్మిది మంది చూశారు. ఆ తొమ్మిదిలో ఒకటి పిట్ట, ఒకటి అక్క, ఒకటి నేనే. ఎదురుగా మైకుగాడు పిల్లి తుమ్మిందని పెడితే రెండు వందల మంది నవ్వుతారు. నలభై ఏళ్ళుగా నేను వంగి కుట్టింది చూసేందుకు తొమ్మిది మంది, అందులో నేనొకణ్ణి. కడుపు మండిపోదా. ఆ మంటలో నేను చేయని పని లేదు. పోస్టుమ్యాన్ సైకిలుతో సహా మురుగుకాలవలో పడ్డ వీడియో మైకుగాడు పెడితే నేనూ నలభై మందికి పంపాను, ఉత్తరాలు తడవకుండా చెయ్యి పైకెత్తి పట్టుకున్నాడా మనిషి, నాకు ఆ చెయ్యి చూసే నవ్వొచ్చింది. తర్వాత ఆయన మా వీధికి రావడం మానేశాడు, ఇంకెవరో కుర్రవాడు వస్తున్నాడు. అప్పుడు నాకేం అనిపించలేదు. ఇప్పుడు అప్పుడప్పుడు కళ్ళు మూసుకుంటే ఆ చెయ్యి కనబడుతుంది, నీళ్ళలోంచి లేచిన చెట్టుకొమ్మలా, దాని చివర తెల్లటి ఆకులు.

ఆ రోజు మంగళవారం, మధ్యాహ్నం. ఈ కోటుకే కొలతలు. పిట్ట వచ్చి నిలబడి వెళ్ళింది, ఒంటి మీది కొలతలన్నీ రాసుకున్నాను. "మేనకోడలు. ఎడమ భుజం ఒకటిన్నర దిగువ. వీపు కుడి ఉబ్బు. దూది రెండు పొరలు. బయటికి కనపడకూడదు." గుడ్డ మీద గుర్తులు పెడుతున్న చెయ్యి, వేళ్ళ నిండా సుద్దపొడి. ఆ వేళ్ళతోనే ఫోటో తీసి, లైనింగూ దూదీ సిద్ధం చేయమని బయటపని ఆయనకు పంపడానికి ఆ వేళ్ళతోనే బాణం నొక్కాను. సుద్ద వేలు ఫోనుకు ఆనదు, ప్రతి టైలరుకీ తెలుసు. ఒకసారి నొక్కితే పలకలేదు. గట్టిగా రెండోసారి నొక్కాను. ఈలోపు వరస ఒక గడి పక్కకు జరిగింది. బయటపని ఆయన ముఖం ఉండాల్సిన చోట మా పేజీ కత్తెర ఉంది. కాగితం ఎగిరిపోయింది, నేను ఫోను పక్కన పెట్టి గుడ్డ మీదికి వంగాను. ఇదంతా అక్కకు చెప్పాను. సుద్ద గురించి చెప్పాను, అద్దాలు నుదుటి మీద ఉన్నాయని చెప్పాను. "సాయంత్రం దాకా నాకు తెలియనే తెలియదక్కా, మైకుగాడు పెట్టింది చూసే నాకు తెలిసింది, అప్పుడు వెంటనే తీసేశాను" అని చెప్పాను. అక్క నమ్మింది. లారీ మీద ఉన్న బావ ఫోనులో, "నీదేముందిరా, చెయ్యి జారింది, ఆ ఇస్త్రీవాణ్ణి మాత్రం నేనొచ్చాక మడతపెడతా" అన్నాడు. నేను కూడా నమ్మడం మొదలుపెట్టాను. పంతొమ్మిది రోజులుగా దుకాణం గుమ్మంలో నిలబడి ఎదురుకొట్టు వంక చూస్తూ, మైకుగాడి పెట్టెలో నిప్పులు ఎర్రగా వెలుగుతుంటే, వాడే, వాడే అని నాకు నేను చెప్పుకున్నాను. వాడు ఒకరోజు రోడ్డు దాటి వచ్చాడు కూడా. "సరదాకి పెట్టాను మాస్టారూ, ఇంత అవుతుందనుకోలేదు, మీరే ముందు పెట్టారు కదా" అన్నాడు. ఆ గొంతు మొదటిసారి చిన్నగా ఉంది. కత్తెర తీసుకుని వెంటపడ్డాను. వీధి మొత్తం చూసింది. ఎవడో అదీ వీడియో తీశాడు.

మీరే ముందు పెట్టారు కదా. ఎండ పరదా మీద నుంచి జారి ఇప్పుడు తలుపు అడుగున పడుతోంది. తలుపు కింద సందులో రెండు నీడలు కనబడినట్టు అనిపించింది, రెండు పాదాలు, లోపలి నుంచి తలుపు దగ్గరికి వచ్చి నిలబడినట్టు. రెప్ప వేస్తే లేవు. కళ్ళు బరువెక్కుతున్నాయి. చప్, చప్. నా టేపు మెడలోంచి దానంతటదే దిగి పాకుతోంది, పెట్టెల ఊరి వీధుల్లోకి పోతోంది, ఒక్కో ఇంటి ముందు ఒక్కో మనిషి చేతులెత్తి నిలబడి ఉన్నాడు, వాళ్ళకు ముఖాలు లేవు, ముఖం ఉండాల్సిన చోట ఎత్తిన బొటనవేలు. కొలవండి మాస్టారూ, మమ్మల్ని కూడా కొలవండి అంటున్నారు. నేను కొలుస్తున్నాను, ఎంత చుట్టినా టేపు అయిపోవడం లేదు, అంకెలు పెరుగుతున్నాయి, అరవై ఇంచీలు, నూట నలభై, మూడు వందలు, ఆ అంకెలు పెరుగుతుంటే ఒంట్లో ఏదో తియ్యగా పాకుతోంది. ఆ తీపి నాకు తెలుసు. ఉలిక్కిపడి కళ్ళు తెరిచాను. అక్క నా వంకే చూస్తోంది. "నిద్రపోవడానికి వచ్చావా ఇక్కడికి?" అంది. "లేదక్కా." "ఎంతమంది వచ్చారేంటి కలలో, మీ పేజీకి?" అంది. ఊరికే అంది, పుల్లవిరుపుగా అంది, ఆవిడకేం తెలియదు. కానీ నేను తల పక్కకు తిప్పుకున్నాను.

ఎందుకంటే నాకు సాయంత్రం తెలియలేదు. గుడ్డ మీదికి వంగిన రెండో నిమిషంలోనే ఫోను గర్రుమంది. మళ్ళీ గర్రుమంది. అద్దాలు కిందికి లాక్కుని చూశాను. నా కాగితం, నా చేతిరాత, కత్తెర బొమ్మ కింద. వేలు తీసేసే మీట దాకా వెళ్ళింది కూడా, సుద్ద లాగుకు తుడుచుకుని మరీ వెళ్ళింది. దాని పక్కనే అంకె ఉంది. ముప్పై ఒకటి. చూస్తుండగానే నలభై. కింద ఎవరో ఒకావిడ రాసింది, "ఇంత శ్రద్ధగా కొలిచే టైలరు ఇంకా ఉన్నాడా!" అని. ఇంకొకాయన, "ఇదీ పనితనమంటే. దుకాణం ఎక్కడ?" అని. నలభై ఏళ్ళలో నా ఎదురుగా నిలబడి ఆ మాట అన్నవాడు లేడు. కాగితంలో పేరు లేదు కదా అనుకున్నాను. మేనకోడలు అంటే ఎవరి మేనకోడలైనా కావచ్చు కదా అనుకున్నాను. ఒక్క నిమిషం, ఇంకొక్క నిమిషం ఉంచి తీసేద్దాం. పక్కన ఇస్త్రీపెట్టె వేడెక్కి వాసన వస్తోంది, దాన్ని కూడా తీయలేదు. నూట ఇరవై. రెండు వందలు. అప్పుడు మైకుగాడు కింద రాశాడు, "ఈ భుజం ఎవరిదో నాకు తెలుసోచ్" అని. ఆ మాట పడగానే అంకె గాలిపటంలా లేచింది. అప్పుడు తీయాలి. అప్పుడైనా తీయాలి. వాడు ఎవరి పేరు చెబుతాడో నాకు తెలుసు, తెలిసి, ఎదురుకొట్టులోకి తలెత్తి చూశాను, వాడు తల వంచుకుని నవ్వుకుంటూ ఏదో వెతుకుతున్నాడు, పిల్ల ఫోటో వెతుకుతున్నాడని నాకు తెలియదని ఎవరి మీదా ఒట్టేయను. నాకు ఆ క్షణంలో పిట్ట గుర్తు రాలేదు. వెనకబెంచీల వాళ్ళంతా లేచి నిలబడి నా వైపు చూస్తున్నట్టుంది, ఈసారి కిటికీ అనకుండా. అంత మంది ఒక్కసారి నా వైపు చూడటం ఎలా ఉంటుందో నాకు అంతకుముందు తెలియదు, చలిలో ఎండలోకి వచ్చినట్టు ఉంది, ఇంకాసేపు నిలబడాలనిపించింది. నిలబడ్డాను. ఎర్రగీత ఫోటో వచ్చాక, పటం మాట వచ్చాక, నవ్వే ముఖాలు వరసగా దొర్లడం మొదలయ్యాక, అప్పుడు తీశాను. అప్పటికి నా కాగితాన్ని ఫోటో తీసి పెట్టుకోనివాడు లేడు. మైకుగాడు చేసింది పాపమే. వాడి చేతికి పిల్లను ఎత్తి ఇచ్చి, ఎండ కాచుకుంటూ నిలబడింది నేను.

గడియారం నాలుగుకు పది నిమిషాలు. అక్క పెట్టెలు మడవడం ఆపి లేచి, తలుపు మీద వేళ్ళ కణుపులతో కొట్టింది. "తల్లీ, టైమవుతోందే. మామయ్య కోటు తెచ్చాడు." అక్క నుదురు తలుపుకు ఆనించింది, ఆ రోజు ఆసుపత్రి గోడకు ఆనించినట్టే. "పోనీ కోటు ఒక్కటీ వేసుకుని చూడవే, వెళ్ళకపోతే మానె" అంది, చిన్నపిల్లను బుజ్జగించినట్టు. మంచం కిర్రుమన్న చప్పుడు. అడుగులు. ఈసారి తలుపు కింద నీడలు నిజంగానే ఉన్నాయి.

"మామయ్యా."

పంతొమ్మిది రోజుల తర్వాత నన్ను పిలిచింది. లేచి నిలబడ్డాను, కోటు రెండు చేతుల మీదా పట్టుకుని. "ఇక్కడే ఉన్నానమ్మా."

"ఆ ఫోటో ఎంతసేపు ఉంచావు?"

అక్క తల తిప్పి నా వంక చూసింది. "సాయంత్రం దాకా వాడికి తెలియదటే, చెప్పాడుగా" అంది తలుపుతో. నేను అవునంటే చాలు. సుద్దపొడి అంటే చాలు. నోట్లో ఆ మాటలు తయారుగా ఉన్నాయి, పంతొమ్మిది రోజులుగా అరగదీసి నున్నగా ఉన్నాయి. తలుపుకు ఆ పక్క పిల్ల ఊపిరి వినబడుతోంది, లేక నాదేనేమో. ఆ ఊపిరికి అబద్ధం చెబితే ఆ తలుపు తెరుచుకుంటుందేమో, నిజం చెబితే ఎప్పటికీ తెరుచుకోదేమో. ఇవాళ పిల్ల వెళ్ళాలి, అబద్ధమే మంచిదేమో. చెబుదామనే నోరు తెరిచాను.

"యాభై రెండు నిమిషాలు" అన్నాను.

"చూస్తూనే?"

"చూస్తూనే."

అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వీధిలో ఎవరో బిందె దింపిన చప్పుడు, దూరంగా బస్సు హారను. అంతా చాలా మెల్లగా, నీళ్ళ అడుగున జరుగుతున్నట్టుంది.

"నాకు మొదటి నిమిషం నుంచీ తెలుసు మామయ్యా" అంది పిట్ట. గొంతులో ఏడుపు లేదు, అది ఉంటే బాగుండేది. "పేజీ నా ఫోనులో కూడా ఉందిగా. గర్రుమనగానే చూశాను. నేనే తీసేయొచ్చు. నువ్వు తీస్తావు, నీ వేలు మీట మీదే ఉంటుంది, నేను తొందరపడితే నీకు నేను చూశానని తెలిసి బాధపడతావు అని ఆగాను. ఇప్పుడు తీస్తావు, ఇప్పుడు తీస్తావు అని చూస్తూ కూర్చున్నా. నాకు గుచ్చుకుంది వాళ్ళంతా నవ్వడం కాదు మామయ్యా. అది ఎలాగో పడతా. నువ్వు అక్కడే ఉన్నావు."

అక్క తిట్టినా, మీద పడి కొట్టినా బాగుండేది. నెమ్మదిగా వచ్చి చాప మీద కూర్చుని ఒక అట్ట తీసుకుని మడవబోయి, మడత తప్పి, దాన్ని అలాగే ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

గడియ తీసిన చప్పుడైంది. పిట్ట గుమ్మంలో నిలబడింది. తల శుభ్రంగా దువ్వుకుంది, ముఖం కడుక్కుంది. నల్ల ప్యాంటు, తెల్ల చొక్కా. ఆ చొక్కా నాది కాదు. మొదటి చూపులోనే తెలిసింది. కాలరు జిగురుతో అంటించింది, కుట్టు ఇంచీకి ఎనిమిది పోట్లకు మించదు, మడత గీతలు ఇంకా అలాగే ఉన్నాయి, ప్లాస్టిక్ సంచీలోంచి తీసినట్టు. రెడీమేడ్. నా పిల్ల ఒంటి మీద రెడీమేడ్ చొక్కా. దూది లేదు, పొర లేదు. కుడి భుజం తన చోట తాను ఉంది. ఎడమ భుజం దిగి ఉంది, వాగు తిరిగిన చోట, ఉన్నది ఉన్నట్టుగా, పదిహేనేళ్ళ తర్వాత మొదటిసారి వెలుతురులో. నేను ఎప్పుడూ ఆ భుజాన్ని అద్దంలో చూడనివ్వలేదని, కప్పి కప్పి అదేదో దాచాల్సిన వస్తువని పిల్లకు నేర్పింది కూడా నేనేనేమోనని, అప్పుడు అనిపించింది. ఒంటరిగా కుట్టుకుంటూ ఉన్నప్పుడు వచ్చే ఆలోచన కాదది, గుమ్మంలో ఎదురుగా నిలబడి చూస్తేనే వచ్చేది.

"ఎప్పుడు కొన్నావే?" అంది అక్క.

"ఫోనులో తెప్పించా. మొన్న, నువ్వు బేకరీకి వెళ్ళినప్పుడు." మా వంక చూడకుండా చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంది. "బాగుందా అమ్మా?"

అక్క ఒళ్ళోని అట్ట పక్కన పెట్టింది. "బాగుంది. బస్సులో కిటికీ పక్కన కూర్చో, చొక్కా నలక్కుండా."

"నవ్వుతారేమోనే" అని అక్కే మళ్ళీ అంది, ఉండబట్టలేక. "నవ్వనీ. ఫోనులో కాకుండా ఎదురుగా నవ్వేవాళ్ళు ఎంతమందో చూస్తా" అంది పిట్ట. అంది గానీ గడప దగ్గర ఆగింది. ఎండలోకి చూసింది. కింద మెట్ల మీద ఎవరో మాట్లాడుకుంటున్నారు, వాళ్ళు పోయేదాకా ఆగింది. నేను కోటు కుర్చీ మీద పెట్టాను. అప్పుడే చూశాను, చొక్కా చేతులు పొడవున్నాయి. నా చెయ్యి నాకు తెలియకుండానే నా చొక్కా అంచుకు గుచ్చుకునే గుండుసూదుల మీదికి పోయింది, ఒక్క నిమిషం, రెండు మడతలు, లోపలి నుంచి నాలుగు పోట్లు, బస్సు కూడా తప్పిపోదు. ఒక అడుగు ముందుకు వేశాను. పిట్ట నా చెయ్యి చూసింది. చేతులు వెనక్కి తీసుకుంది.

"వద్దు మామయ్యా. ఇలాగే వెళ్తా."

మెట్లు దిగింది. ఒక్కో మెట్టూ దిగిన చప్పుడు విన్నాను. అక్క కిటికీ పరదా పక్కకు లాగింది, నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను, పొమ్మనలేదు. వీధిలో తల ఎత్తుకుని కాదు, దించుకుని కాదు, మామూలుగా, బస్సు పట్టుకోవాల్సిన మనిషి నడిచినట్టు నడిచి వెళ్ళింది. చొక్కా కుడి చెయ్యి మణికట్టు దాటి ముప్పావు ఇంచీ పొడవుంది. ఎడమ చెయ్యి రెండుంబావు.